యంత్రానికి బొట్టు, మనిషికి నంబరు

నా దగ్గర ఒక సైన్యం ఉంది. మొత్తం అరవై పైచిలుకు బొమ్మలు. చాలావరకు అంగుళంన్నర ఎత్తు, ప్లాస్టిక్‌వి. పెట్టెలో ముక్కలుగా వస్తాయి. కట్టర్‌తో ఫ్రేములోంచి తెంపుకుని, అంచులు గీకి, జిగురుతో అతికించి, ప్రైమర్ కొట్టి, సన్న కుంచెలతో రంగులు వేసుకోవాలి. తర్వాత పెద్ద బల్ల మీద టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేస్తూ, ఇంకొకరి సైన్యంతో ఆడాలి. ఆట పేరు వార్‌హ్యామర్ 40,000. 1987లో ఇంగ్లండులో పుట్టింది. దాన్ని తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ నాటింగ్‌హామ్‌లో ఉంది. నేను ఉద్యోగం చేసుకుంటున్న ఊరు అక్కడికి పెద్ద దూరం కాదు.

"నలభై దాటినవాడివి, ఇంకా బొమ్మలేంట్రా" అని మా అమ్మ ఫోన్లో అడుగుతూనే ఉంటుంది. దానికి నా దగ్గర జవాబుంది. కొందరు పేకాడతారు, కొందరు రాత్రంతా క్రికెట్ చూస్తారు, నేను రంగులు వేసుకుంటాను. జవాబు తేలని ప్రశ్న వేరే ఉంది. ఈ ఆటలో ఇన్ని సైన్యాలుండగా నేను ఎంచుకున్నది యంత్రాల్ని పూజించే సైన్యం. అది చెడ్డ సైన్యం. చెడ్డదని తెలిసీ దాని మీద ఇన్ని సాయంత్రాలు ఇష్టంగా ఖర్చు పెట్టడం సబబేనా?

ముందు వీళ్లెవరో చెప్పాలి. ఆట కథంతా నలభై వేల సంవత్సరం దరిదాపుల్లో జరుగుతుంది. అంగారక గ్రహం మీద ఒక పూజారి వర్గం ఉంటుంది. పేరు అడెప్టస్ మెకానికస్. వాళ్ల దేవుడు యంత్రదేవుడు. ప్రతి యంత్రంలోనూ ఒక ఆత్మ ఉందని నమ్ముతారు. తుపాకీ పేలాలంటే మంత్రం చదవాలి, ఇంజను కదలాలంటే ధూపం వేసి పవిత్రమైన నూనె పూయాలి. యంత్రాలు ఎలా పనిచేస్తాయో వీళ్లకి చాలామటుకు తెలీదు. ఎప్పుడో పూర్వీకులు చేసిన నమూనాల కోసం గ్రహాలన్నీ వెతుకుతారు తప్ప, కొత్తగా ఏదైనా కనిపెడితే మతద్రోహం అంటారు. ఒంట్లో భాగాలు ఒక్కోటీ తీసేసి లోహపు భాగాలు పెట్టించుకోవడమే వీళ్ల దృష్టిలో మోక్షమార్గం. 2015లో వీళ్లని పూర్తి సైన్యంగా ఆడుకునే పెట్టెలు, పుస్తకాలు వచ్చాయి. ఎర్ర అంగీలు, ఇత్తడి గొట్టాలు, నూనె మరకలు. రంగులు వేసేవాడికి ఇంతకంటే పండగ ఉండదు.

మొదటిసారి ఈ కథ చదివినవాళ్లెవరైనా నవ్వుతారు. నేనూ నవ్వాను. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ నవ్వు మరీ దగ్గరది. ప్రతి పెద్ద సంస్థలోనూ ఒక పాత సిస్టం ఉంటుంది. రాసినవాళ్లు రిటైరైపోయి ఉంటారు. ఆదివారం రాత్రి దాన్ని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఎందుకంటే ఎవరూ చెప్పలేరు, కానీ మానేసే ధైర్యం ఎవరికీ ఉండదు. కాబట్టి ఈ సైన్యం చెప్పే నీతి తేలిగ్గానే అందుతుంది: తెలుసుకోవడం ఆగిపోయిన చోట భక్తి మొదలవుతుంది.

చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ నీతికి మా పెద్దమావయ్య అడ్డం వస్తాడు.

మావయ్య విజయవాడ ఆటోనగర్‌లో టర్నరు. ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేశాడు. చదివింది తొమ్మిదో తరగతి. ఆ మిషన్ గురించి ఆయనకి తెలియంది లేదు. పక్క షెడ్డులో బేరింగు పోతోందని ఇక్కడ కూచునే చెప్పేవాడు. "శబ్దం మారితే ముందు చెవికి తెలియాలి అల్లుడూ. కంటికి తెలిసేసరికి ఆలస్యమైపోద్ది" అనేవాడు. అదే మావయ్య దసరా వస్తే మిషన్ని కిరసనాయిలుతో తుడిచి, ఇనప రజను ఊడ్చి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి దణ్ణం పెట్టేవాడు. గుమ్మడికాయ కొట్టేవాడు. ఆ రోజు మిషన్ ఆన్ చేసేవాడు కాదు. తెలియనితనం వల్ల పుట్టిన భక్తి అయితే అది మావయ్యకి ఉండకూడదు. ఆయనలో తెలివీ, దణ్ణమూ ఒకేచోట ఉన్నాయి. ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ఇంకో సంగతి. మావయ్య ఎడమచేతి చూపుడువేలు పై కణుపు లేదు. ఆ మిషనే తీసుకుంది. చిన్నప్పుడు ఒక దసరాకి అడిగాను: "నీ వేలు తీసుకున్నదానికి బొట్టేంటి మావయ్యా?" ఆయన పని ఆపకుండానే చెప్పాడు: "వేలు పోయింది మిషన్ వల్ల కాదు అల్లుడూ. ఆ రోజు రెండు షిఫ్టులు వరసగా చేయించారు. నిద్రమత్తు."

ఆ మాట అప్పుడు నాకు పట్టలేదు. ఈ సైన్యానికి రంగులు వేస్తున్నప్పుడు గుర్తొచ్చింది. ముఖ్యంగా సర్విటర్లకి వేస్తున్నప్పుడు.

సర్విటర్ అంటే మనిషి. కాకపోతే మెదడులో సొంత ఇష్టానికి సంబంధించిందంతా తీసేసి, చేతుల స్థానంలో పనిముట్లు బిగించిన మనిషి. కొందరు శిక్షపడ్డ నేరస్తులు, కొందరు తొట్టెల్లో పెంచిన శరీరాలు. నా సైన్యంలో ఇలాంటివాళ్లు ఆరుగురు. ఆటలో వాళ్ల పేరు కాటాఫ్రాన్‌లు. తల, ఛాతీ మనిషివి. నడుము కింద ట్యాంకుకి ఉండే చట్రాలు. వీళ్లెందుకున్నారో కథలో ఒక కారణముంది. ఆ లోకంలో ఒకప్పుడు ఆలోచించగల యంత్రాలు మనుషుల మీద తిరగబడ్డాయి. అప్పట్నించీ ఆలోచించే యంత్రాన్ని చెయ్యడం మహాపాపం. మరి యంత్రాలు చేసే పనులు ఎవరు చెయ్యాలి? యంత్రాన్ని మనిషిలా చెయ్యకూడదు కాబట్టి మనిషిని యంత్రంలా చేశారు. అది మాత్రం పాపం కాదట. ఎందుకంటే వాడు నేరస్తుడు, లేదా తొట్టెలో పెరిగాడు.

నా లెక్కలో ఈ సైన్యం చెడ్డతనం ఇక్కడుంది. ధూపం వెయ్యడంలో లేదు, మంత్రం చదవడంలో లేదు. తుపాకీలో ఆత్మని చూడగలిగిన కళ్లు ఎదురుగా ఉన్న మనిషిలో దాన్ని చూడలేకపోవడంలో ఉంది. మావయ్య వేలు గురించి చెప్పింది కూడా ఇదే. మిషన్‌కి దణ్ణం పెట్టడం వల్ల ఎవరి వేలూ పోలేదు. మనిషిని మిషన్‌లో ఒక భాగంగా లెక్కేసి రెండు షిఫ్టులు నడిపినప్పుడు పోయింది.

ఇది ఆ బొమ్మల ఊహ మాత్రమే కాదు. 'రోబో' అనే మాటే చెక్ భాషలో వెట్టిచాకిరీ అనే అర్థమున్న 'రోబోతా' నుంచి వచ్చింది. కారెల్ చాపెక్ 1920 నాటి నాటకంలో దాన్ని వాడాడు. 1770లో వియన్నాలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రాన్ని చూపించి యూరప్‌నంతా ఆశ్చర్యపరిచాడు. తలపాగా కట్టిన బొమ్మ కింద పెట్టెలో ఒక ఆటగాడు ముడుచుకుని కూచునేవాడు. 2005లో అమెజాన్ చిన్న చిన్న పనులు మనుషుల చేత ఆన్‌లైన్లో చేయించే సేవ మొదలుపెట్టినప్పుడు ఆ 'మెకానికల్ టర్క్' పేరే దానికి పెట్టుకుంది. పెట్టె లోపల మనిషున్నాడని పేరులోనే చెప్పేశారు. అయినా మనకి బయట బొమ్మే కనిపిస్తుంది.

మా ఆఫీసులో మనిషికి 'రిసోర్స్' అని పేరు. ఒకే మనిషి మూడు ప్రాజెక్టుల షీట్లలో 0.3, 0.3, 0.4గా ఉంటాడు. రాత్రి సపోర్టు హైదరాబాద్ నుంచి నడుస్తుంది. ఇక్కడ పొద్దున్నకల్లా అన్నీ పచ్చరంగులో కనిపిస్తే సిస్టం బాగుందంటాం. రాత్రంతా దాన్ని ఎవరు పట్టుకుని కూచున్నారో షీటులో ఉండదు, నంబరుంటుంది. ఆ షీటులో ఒక పేర్ల కాలమ్ పెట్టమని పోయినేడు నేను అడిగాను. పెట్టారు. దానివల్ల ఉద్యోగాలేమీ నిలబడలేదు. ఆ మూడు నెలల్లోనే ముగ్గుర్ని తీసేశారు. జరిగిందల్లా ఒకటే. వరసగా మూడువారాలు ఒకే పేరు రాత్రి డ్యూటీలో కనిపించేసరికి, మీటింగులో ఎవరో "ఈ అమ్మాయి ఎప్పుడు నిద్రపోతోంది?" అని అడిగారు. 0.4ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తర్వాతి నెల డ్యూటీలు మార్చారు.

సరే, మరి ఈ ఆట సంగతి? ఇదంతా వ్యంగ్యం అంటారు. నిజమే. 2021 నవంబరులో కంపెనీయే ఒక ప్రకటన ఇచ్చింది. తమ లోకంలో మంచిపక్షమంటూ లేదనీ, ఆ సామ్రాజ్యపు క్రూరత్వం వ్యంగ్యంగా చూపించిందేననీ, ద్వేషాన్ని మోసుకొచ్చేవాళ్లకి తమ బల్లల దగ్గర చోటు లేదనీ చెప్పింది. మంచి మాటే. కానీ వ్యంగ్యం చదివేటప్పుడు పనిచేసినంత తేలిగ్గా చేతుల్తో చేసేటప్పుడు పనిచెయ్యదు. ఒక బొమ్మ మీద ఆరేడు గంటలు గడిపాక దాన్ని చూసి నవ్వడం కష్టం. అందం ముందు వస్తుంది. ఆ అంగీ మడతల్లో ఎరుపు సరిగ్గా కుదిరిందా లేదా అన్నదే కనిపిస్తుంది.

ఆట నియమాలు కూడా అటే తోస్తాయి. ప్రతి దళానికీ పాయింట్లలో ఒక ధర ఉంటుంది. మామూలుగా రెండు వేల పాయింట్ల సైన్యంతో ఆడతాం. ఎవరు పోతే ఎంత నష్టమో లెక్క వేసుకునే ముందుకి పంపాలి. జాలిపడి వెనక ఉంచుకుంటే ఓడిపోతాం. గురువారం రాత్రుల్లో ఆడేటప్పుడు నేనూ ఆ లెక్కే వేస్తాను. పాచికలు పడతాయి, బొమ్మ బల్ల మీంచి పెట్టెలోకి పోతుంది. ప్లాస్టిక్‌కి నొప్పి లేదు కాబట్టి ఇందులో పాపమేమీ లేదు. కాకపోతే ఆ లెక్క వెయ్యడం ఎంత సుఖంగా ఉంటుందో అక్కడ నాకు తెలుస్తుంది. మరుసటి రోజు షీటు తెరిస్తే అదే సుఖం అక్కడా ఉంటుంది. అంత దగ్గరి పోలిక చూపించినందుకైనా ఈ ఆట నాకు పనికొచ్చింది. మంచి సైన్యాన్ని ఎంచుకుని ఉంటే ఇది తెలిసేది కాదేమో.

కాటాఫ్రాన్‌ల చర్మానికి చాలామంది శవం రంగు వేస్తారు, బూడిదలో కాస్త ఊదా కలిపి. చూడ్డానికి బావుంటుంది, చూసేవాడికి తేలిగ్గా కూడా ఉంటుంది, వాళ్లు ముందే చచ్చిపోయినట్టుంటారు కాబట్టి. నేను బతికున్న ఒంటి రంగు వేశాను. మన చామనఛాయ. ఎదురుగా ఆడే ఒక పెద్దాయన, రిటైరైన పోస్ట్‌మాన్, ఒకసారి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "వీడు నన్ను చూస్తున్నట్టున్నాడు, కాల్చాలంటే ఇబ్బందిగా ఉంది" అన్నాడు. అని, కాల్చాడు. ఆటంటే అంతే మరి.

ఆయన ఇబ్బంది వల్ల ఆట ఫలితం మారలేదు. పేర్ల కాలమ్ వల్ల ఆ ముగ్గురి ఉద్యోగాలు నిలవలేదు. వీటిని గొప్ప పనులుగా చెప్పట్లేదు. కానీ ఇకపై ఎవరైనా ఏదైనా యంత్రానికి, అది లేత్ అయినా, ఈమధ్య అందరూ భక్తిగా మాట్లాడుతున్న కృత్రిమ మేధ అయినా, దణ్ణం పెడుతుంటే నేను నవ్వను. దాని దగ్గర రాత్రి డ్యూటీ ఎవరు చేస్తున్నారని మాత్రం అడుగుతాను. పేరు చెప్పగలిగితే, ఆ దణ్ణంతో నాకే పేచీ లేదు.