చక్రాల ఇంట చదువు



ఉన్న ఇల్లు ఖాళీ చేసి, అమెరికాలో ఆర్‌వీ అని పిలిచే చక్రాల ఇంట్లో ఏడాది పొడవునా తిరుగుతూ, పిల్లలకు తామే చదువు చెప్పుకోదలచిన తల్లిదండ్రులు ఆ కోరిక ఎవరిదో ముందుగా తేల్చుకోవాలి. దేశమంతా చూడాలన్న తపన సాధారణంగా పెద్దలది కాగా, బడిని, పక్కింటి నేస్తాన్ని, వారం వారం వెళ్లే సంగీతం క్లాసును వదులుకొనవలసింది పిల్లలు. పదేళ్లు నిండిన పిల్లను కూర్చోబెట్టి అడగకుండా బయలుదేరడం అన్యాయం. ఆమె వద్దంటే ఒక వేసవి ప్రయాణంతో పరీక్షించి చూసి, నిర్ణయాన్ని ఏడాదిపాటు వాయిదా వేసినందువల్ల పెద్దల మాటకు విలువ తగ్గిపోదు.

బడికి పంపకుండా ఇంటివద్దనే చదువు చెప్పే పద్ధతిని హోమ్‌స్కూలింగ్ అంటారు. అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇది చట్టసమ్మతమే అయినా, విద్య రాష్ట్రాల చేతిలోని విషయం గనుక ఒకచోటి నియమం మరొకచోట ఉండదు. స్థిరమైన ఇల్లు లేని కుటుంబం సైతం లైసెన్సుకు, పన్నులకు ఏదో ఒక రాష్ట్రాన్ని తన చట్టబద్ధ నివాసంగా చూపవలసి ఉంటుంది. దీనినే డొమిసైల్ అంటారు. వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను లేని టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాల వైపు నిత్యసంచారులు మొగ్గుతారు. టెక్సస్‌లో ఇంటిచదువును ప్రైవేటు బడిగా గుర్తిస్తూ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో తీర్పునిచ్చినందున, పఠనం, వర్ణక్రమం, వ్యాకరణం, గణితం, పౌరధర్మం అనే అయిదింటిని చిత్తశుద్ధితో బోధిస్తే చాలు, ఏటా నివేదిక ఇవ్వనక్కరలేదు. ఫ్లోరిడాలో మాత్రం మొదలుపెట్టిన 30 రోజుల్లోగా కౌంటీ విద్యాధికారికి తెలియజేసి, చదివిన పుస్తకాల పేర్లను, పిల్లల రాతప్రతులను రెండేళ్లపాటు భద్రపరచి, ఏటా మదింపు చేయించాలి. టెక్సస్‌ను ఎంచుకొన్న కుటుంబం కూడా ఫ్లోరిడా తీరున లెక్క రాసుకోవడం మంచిది, ఎందుకంటే రేపు పిల్ల తిరిగి బడిలో చేరదలిస్తే ఏ తరగతిలో కూర్చోబెట్టాలో ఆ కాగితాలే చెబుతాయి. ఒక రాష్ట్రంలో నెలల తరబడి మజిలీ చేసేవారు అక్కడి చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. హెచ్-1బీ వీసాపై ఉన్న తెలుగు కుటుంబాలకైతే మరొక చిక్కుంది: ఆ వీసా దరఖాస్తులో చూపిన పనిస్థలానికి ముడిపడి ఉంటుంది గనుక, లాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే అదే ఆఫీసు అనుకొనే స్వేచ్ఛ వారికి లేదు.

ఇక చదువు సంగతి. ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ అనే పత్రికను స్థాపించిన జాన్ హోల్ట్, పాఠ్యప్రణాళిక లేకుండా పిల్లల ఆసక్తి వెంట సాగే చదువుకు అన్‌స్కూలింగ్ అని పేరుపెట్టాడు. పిల్లల కుతూహలంపై అతడికున్న నమ్మకం గౌరవించదగినదే. అయితే ప్రయాణమే పాఠమని చెప్పి ఎక్కాలను వాయిదా వేసే తల్లిదండ్రులు ఆ నమ్మకాన్ని తమ బద్ధకానికి తొడుగుగా వాడుకొంటున్నారేమో పరిశీలించుకోవాలి. గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడిన పిల్లవాడి కాళ్ల కింది కైబాబ్ సున్నపురాయి సుమారు 27 కోట్ల ఏళ్ల నాటిది. లోయ అడుగున నల్లగా కనిపించే, విష్ణువు పేరు పెట్టిన శిస్ట్ అనే రూపాంతర శిల, అంటే వేడికీ ఒత్తిడికీ లోనై స్వరూపం మారిన రాయి, సుమారు 170 కోట్ల ఏళ్ల నాటిది. 170 కోట్ల ఏళ్లను ఒక మీటరు దారంగా అనుకొంటే పైనున్న రాయి వయసు 16 సెంటీమీటర్లకు కాస్త తక్కువని లెక్కకట్టగల పిల్లవాడికే ఆ లోయ లోతు కాలంలో కూడా తెలుస్తుంది. నిష్పత్తి రానివాడికి అది అందమైన గొయ్యిగానే మిగులుతుంది, ఆ లోటు అతడిది కాదు.

కాబట్టి ఇల్లు కదిలినా గడియారం కదలకూడదు. ఉదయం ఫలహారం ముగిసినది మొదలు రెండు మూడు గంటలు లెక్కలకు, చదవడానికి, రాయడానికి కేటాయించి, ఆ వేళలో బండి నడపకుండా ఉండగలగాలంటే ఒక్కొక్క చోట మూడు నాలుగు వారాలైనా ఆగాలి. వారానికి మూడు రాష్ట్రాలు దాటే కుటుంబంలో పిల్లలు చూసేది ఎక్కువగా కిటికీ అద్దాన్నే. ఆగిన చోట గ్రంథాలయంలో కథలు చదివి వినిపించే గంట, పార్కులో ఆడుకొనే పిల్లలు, జాతీయ ఉద్యానాలలో చిన్న పుస్తకం పూరించినవారికి బ్యాడ్జి ఇచ్చే జూనియర్ రేంజర్ కార్యక్రమం దొరుకుతాయి. కాని స్నేహం రెండో వారంలో గాని మొలకెత్తదు, మొలకెత్తాక దానిని తెంచుకొని బయలుదేరడం పిల్లలకు ఎంత బరువో పెద్దలు తక్కువగా అంచనా వేస్తారు. వీడ్కోలు రోజున ఏడ్చే పిల్లను తొందరపెట్టకుండా, అవసరమైతే ఇంకొక వారం ఉండిపోవడం మేలు. తెలుగు చదవడం, రాయడం కూడా ఆ ఉదయపు గంటల్లోనే సాగాలి, అమ్మమ్మతో వీడియోలో మాట్లాడుకొనే మాటలకే అది పరిమితం కాకూడదు.

తొలి చలికాలం గడిచాక, తల్లిదండ్రులిద్దరూ ఒకచోట కూర్చొని, పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి, బడికి తిరిగి వెళ్లాలని ఉందా అని అడగాలి. ఒక్కరు అవునన్నా ఆగస్టులోగా ఏదో ఒక ఊళ్లో, బడికి నడిచి వెళ్లగలిగే దూరంలో అద్దె ఇల్లు చూసుకోవడానికి సరిపడే డబ్బును ఇప్పుడే, బండి కొనక ముందే, వేరుగా తీసిపెట్టాలి.