‘అందరు’ అను మాటకు హద్దు కలదా?

సమానత్వమును నోటితో చాటుట సులభము. ఆ మాటయే తిరిగి మన గడపకు వచ్చి, కలిమిని, అధికారమును, పీటను పంచుకొమ్మని అడిగినప్పుడు దానికి కట్టుబడి నిలుచుట కష్టము. వ్యక్తులకు వలెనే మహారాజ్యములకును ఈ పరీక్ష తప్పలేదు. పదునెనిమిదవ శతాబ్దపు విప్లవముల చరిత్ర ఇందుకు నిదర్శనము.

రాజు దేవుని ప్రతినిధి యనియు, అతనిని ఎదిరించుట పాపమనియు ఐరోపాలో బోధింపబడుచుండిన కాలమున కొందరు తత్త్వవేత్తలు ఆ బోధను తర్కమునకు నిలిపిరి. ఆంగ్లేయుడైన జాన్ లాక్, 1689లో వెలువడిన తన గ్రంథమున, ప్రాణము, స్వేచ్ఛ, ఆస్తి మానవునికి సహజమైన హక్కులనియు, వానిని కాపాడుటకే ప్రజలు ప్రభుత్వమును ఏర్పరచుకొందురనియు, కాపాడని ప్రభుత్వమును తొలగింపవచ్చుననియు వాదించెను. ఫ్రెంచి పండితుడు మాంటెస్క్యూ 1748లో శాసనము చేయుట, అమలుపరచుట, న్యాయము తీర్చుట అను మూడు అధికారములు ఒక్క చేతిలో నుండరాదని చూపెను. జెనీవాలో జన్మించిన రూసో 1762లో ప్రజల సమష్టి సంకల్పమే రాజ్యాధికారమునకు మూలమని ప్రతిపాదించెను.

ఈ భావములు గ్రంథములలోనే నిలిచిపోలేదు. 1776 జూలై 4వ తేదీన అమెరికాలోని 13 బ్రిటిషు వలసల ప్రతినిధులు తమ స్వాతంత్ర్య ప్రకటనలో మానవుల సమానత్వమును నిరూపణ అక్కరలేని సత్యముగా చాటిరి. 1789 ఆగస్టు 26వ తేదీన ఫ్రాన్సు జాతీయసభ 17 అధికరణములు గల మానవ హక్కుల ప్రకటనను ఆమోదించెను. పుట్టుకను బట్టి గౌరవము, పన్ను, పదవి నిర్ణయింపబడుచుండిన దేశమున అది సామాన్యమైన మాట కాదు.

అయితే ‘మానవులందరు’ అనగా ఎవరు? అమెరికా ప్రకటనకు చిత్తు వ్రాసిన జెఫర్సన్ తన జీవితకాలమున ఆరువందలకు మించిన బానిసలకు యజమానిగా నుండెను. సహజ హక్కులను బోధించిన లాక్ స్వయముగా బానిస వర్తకము చేయు కంపెనీలో వాటాదారుడు. ఫ్రాన్సులో ఒలింప్ ద గూజ్ అను రచయిత్రి 1791లో స్త్రీలకును అవే హక్కులు కలవని వేరొక ప్రకటనను వ్రాసెను. ఆమె రాజకీయ రచనలను నేరముగా నెంచి, 1793 నవంబరులో విప్లవ ప్రభుత్వము ఆమె తల తీయించెను. ఫ్రెంచి స్త్రీలకు ఓటుహక్కు లభించినది 1944లో మాత్రమే.

అన్నింటికంటె కఠినమైన పరీక్ష కరీబియన్ సముద్రప్రాంతములోని సాన్ డొమాంగ్ వలసలో జరిగినది. ఫ్రాన్సు ఏలుబడిలోని ఆ వలసలో దాదాపు 5 లక్షల ఆఫ్రికా సంతతివారు చెరకు, కాఫీ తోటలలో బానిసలుగా నుండిరి. ఆ చక్కెర వలన వచ్చు లాభమునకు భయపడి, హక్కులను ప్రకటించిన సభయే వారి విషయమున మౌనము వహించెను. 1791 ఆగస్టులో వారు తిరుగబడిరి. ఆ తిరుగుబాటుకు మూలము పుస్తకము కాదు, కొరడా దెబ్బ. అయినను యజమానుల దేశమున పుట్టిన హక్కుల భాషను వారు తమ ఆయుధముగా చేసికొనిరి. 1794 ఫిబ్రవరి 4వ తేదీన ఫ్రెంచి సభ బానిసత్వమును రద్దు చేయక తప్పలేదు. ఒకప్పుడు బానిసయైన జాన్ బాప్తిస్త్ బెల్లే ఆనాడు ఆ సభలోనే సభ్యుడుగా కూర్చుండెను.

కాని 1802లో నెపోలియన్ సైన్యమును పంపి, ఆ ప్రజల నాయకుడైన తూసాఁ లూవెర్త్యూర్‌ను బంధింపజేసెను. మరుసటి సంవత్సరమున తూసాఁ ఫ్రాన్సులోని కొండకోట చెరలో మరణించెను. పోరాటము మాత్రము ఆగలేదు. 1804 జనవరి 1వ తేదీన ఆ ద్వీపరాజ్యము హైతీ అను పేర స్వతంత్రమాయెను. 1825లో ఫ్రాన్సు ఆ స్వాతంత్ర్యమును గుర్తించుటకు 15 కోట్ల ఫ్రాంకులు పరిహారముగా కోరెను. పరిహారము బానిసలైనవారికి కాదు, వారిని కోల్పోయిన యజమానులకు!

అట్లని ఆ తత్త్వవేత్తల మాట అసత్యమని త్రోసివేయదగునా? తగదు. మాట సత్యమే, పలికినవారు దానికి హద్దు గీసిరి. ఆ హద్దును చెరిపినవారు వెలుపల నిలువబడినవారే.

ఈ చరిత్రను చదువు వీరశైవునికి కళ్యాణము జ్ఞప్తికి రాక మానదు. ఆ తత్త్వవేత్తలు బసవేశ్వరుని ఎరుగరు. పండ్రెండవ శతాబ్దపు కళ్యాణమున హక్కుల శాసనము వ్రాయబడలేదు. రెండును ఒకటే యనుట సత్యమునకు దూరము. వారు రాజు ఎదుట ప్రజల హక్కును నిలిపిరి. బసవాది శరణులు ఎదుటివాని దేహమందలి లింగమును చూచి, అతని ముందు తమ కర్తవ్యమును నిలుపుకొనిరి. కాయకమును, దాసోహమును అందరికిని విధించిరి. స్త్రీకిని ఇష్టలింగమును ఇచ్చిరి. పరీక్ష మాత్రము ఉభయులకును ఒక్కటే.

బ్రాహ్మణకులమున పుట్టిన మధువరసు కుమార్తెను, చర్మకారుడైన హరళయ్య కుమారునికిచ్చి వివాహము చేసినప్పుడు ఆ పరీక్ష వచ్చినది. బిజ్జలుడు ఆ తండ్రులిరువురిని క్రూరముగా చంపించెననియు, శరణులు చెల్లాచెదరైరనియు సంప్రదాయము చెప్పుచున్నది. మాటకు హద్దు గీసికొనియున్నచో వారి ప్రాణములు దక్కెడివి. వారు గీయలేదు.

నేడు మన ఇండ్లలో సంబంధము కుదుర్చుకొనునప్పుడు మొదట అడుగబడు ప్రశ్న ఏది? మెడలో లింగమున్నదా యనియా, ఏ శాఖవారు యనియా? పంక్తిలో ఎవరిని ముందు కూర్చుండబెట్టుచున్నారు? పాత్రలు కడుగువానికి పీట దొరకుచున్నదా? కుమార్తె అభిప్రాయము చెప్పినప్పుడు వినువారున్నారా? జెఫర్సన్‌ను నిందించుట తేలిక. అతడు దూరదేశస్థుడు, గతించినవాడు. గడప బయట నిలిచియున్నవాడు బసవన్న మాటనే మనకు వినిపించిన నాడు ఏమి బదులు చెప్పుదుమో ప్రతి కుటుంబమును, ప్రతి మఠమును ఆలోచింపవలసియున్నది.