నూతన వత్సరము – పాత లెక్కలు

చైత్ర శుద్ధ పాడ్యమి నాటికి వేపచెట్టు పూతపట్టి యుండును. మామిడికొమ్మ రాగివన్నె చిగురు తొడిగి యుండును. తెలుగు ముంగిళ్ళలో తోరణములు, పూజామందిరమున పంచాంగము, పళ్ళెములో వేపపువ్వు, బెల్లము, చింతపండు, మామిడికాయ. సాయంకాలము ఆలయమండపమున సిద్ధాంతిగారు రాశివారీగా ఆదాయవ్యయములను, రాజపూజ్యావమానములను చదువుచుండగా సభ యంతయు ఊపిరి బిగబట్టి వినును. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని విన్నవాని ముఖము చూడదగినదే! పురాణశ్రవణమునందు కూడ అంతటి శ్రద్ధ సాధారణముగా కానరాదు.

ఆ శ్రద్ధ వెనుక ఒక ఆశ కలదు. గడచిన సంవత్సరమున జరిగిన పొరపాట్లు, పోగొట్టుకొన్న స్నేహములు, ఆడి తప్పిన మాటలు అన్నియు పాత పంచాంగముతో పాటు అటకెక్కునని, నేటినుండి వేరొక జీవితము మొదలగునని మానవుడు ఆశించును. ఈ ఆశకు ఆధార మేమి? కాలము మారినంత మాత్రమున మనుష్యుడు మారునా? చేసిన కర్మ కర్తను వెన్నాడుననుట శాస్త్రసిద్ధాంతము కాగా, నూతనారంభ మనుమాటకు అర్థ మేమి?

మొట్టమొదట చెప్పవలసినది, కాలము తనంతట తాను క్రొత్తదనమును వాగ్దానము చేయుట లేదు. క్రొత్త సంవత్సరమునకు పెట్టు పేరే పాతది. ప్రభవాది షష్టి సంవత్సరములు చక్రమువలె తిరుగుచుండును. 1987లో వచ్చిన ప్రభవ 2047లో మరల వచ్చును. చెట్టు సంగతియు అంతే. వేప ఆకు రాల్చుటకు పూర్వమే ఆకు మొదట మొగ్గ సిద్ధమై యుండును. చిగురు పాత కొమ్మకే పుట్టును గాని ఆకాశమున పుట్టదు.

శ్రీమద్రామాయణమున వసంతము రెండు పట్టుల ప్రముఖముగా కన్పట్టును. రెండును ఈ ప్రశ్నకు సంబంధించినవే. దశరథుడు నిండుసభలో చైత్రమాసము పవిత్రమైనదని, అడవులు పూచియున్నవని పలికి, పుష్యమీ నక్షత్రమున శ్రీరామునకు యౌవరాజ్య పట్టాభిషేకము నిశ్చయించెను. మాసము మంచిది, నక్షత్రము మంచిది, పురోహితుడు సాక్షాత్తు వసిష్ఠుడు. అభిషేక్తుడు సకలగుణాభిరాముడు. అంతకు మించిన శుభారంభమును ఎవరు ఊహింపగలరు? కాని మరునాటి ఉదయమునకు ఆ ముహూర్తము వనవాసముహూర్త మయ్యెను. కారణ మేమి? ఎప్పుడో కైకేయికిచ్చిన రెండు వరములు చెల్లింపబడక మిగిలియుండుట. రాజు ముహూర్తమును చూచెను గాని పాత బాకీని జ్ఞప్తికి తెచ్చుకొనలేదు. చైత్రము దానిని మాఫీ చేయలేదు.

రెండవ పట్టు పంపాతీరము. సీతావియోగమున తపించుచున్న రాఘవునకు అశోకపుష్పగుచ్ఛములు నిప్పుకణికలవలె తోచినవి. లోకమున కెల్ల ఆహ్లాదము గూర్చు వసంతము ఆయనకు అగ్ని యయ్యెను. ఋతువులలో వసంతము నేనేయని గీతలో చెప్పిన స్వామియే ఈ అవతారమున వసంతమును భరింపలేక విలపించుట భావుకులకు కన్నీరు తెప్పించు ఘట్టము. (ఆ గీతాచార్యుడే మాసములలో చైత్రమును కాక మార్గశీర్షమును తన విభూతిగా పేర్కొనుట గమనింపదగినది.) పంపాతీరమున శోకమునుండి రాముని లేవనెత్తినది వసంతము కాదు, లక్ష్మణుని మాట. ఉత్సాహమును మించిన బలము లేదని తమ్ముడు చెప్పగా అన్న శోకమును విడచి ముందునకు అడుగు వేసెను. పిమ్మట హనుమద్దర్శనము, సుగ్రీవసఖ్యము. అడుగు పడినది మాత్రము పూచిన చెట్టువలన కాదు.

అయినచో నూతనారంభము మనుష్యుని సంకల్పముననే కలదా? గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున చెప్పిన మాట ఇక్కడ ప్రమాణము. ఎంతటి దురాచారుడైనను అనన్యభక్తితో తన్ను భజించినచో వానిని సాధువుగానే తలంపవలెననియు, వాని నిశ్చయము సమ్యక్కైనదనియు, వాడు శీఘ్రముగా ధర్మాత్ముడగుననియు భగవానుడు సెలవిచ్చెను. ఈ క్రమమును పరిశీలింపుడు. ధర్మాత్ముడైన పిమ్మట సాధువుగా గణింపుమని స్వామి చెప్పలేదు. ముందు సాధువుగా గణింపుమనెను. ధర్మాత్ముడగుట తరువాతి మాట. నడవడి ఇంకను పాత త్రోవ విడువక ముందే, నిశ్చయము కుదిరిన క్షణమున, భగవంతుని దృష్టిలో వానికి నూతనజీవితము ఆరంభమైనది. ఆ క్షణము పాడ్యమి కావచ్చును, అమావాస్య కావచ్చును. విభీషణుడు సముద్రతీరమున వచ్చి నిలిచినప్పుడు శ్రీరాముడు ముహూర్త మడుగలేదు.

బ్రహ్మసూత్రములు నాలుగవ అధ్యాయమున, బ్రహ్మవిద్య లభించినవానికి పూర్వపాపములు నశించుననియు, పిదప కలుగు పాపములు అంటవనియు చెప్పుచున్నవి. అంటనివి బుద్ధిపూర్వకముగా చేయనివి మాత్రమేయని శ్రీభాష్యకారులు హెచ్చరించిరి. ఇక ప్రారబ్ధమును అనుభవింపవలసినదే.

ఇంతవరకు సమాధానము ఊరట గొల్పునదే. చిక్కు ఇప్పుడు వచ్చుచున్నది. భగవంతునియెడ చేసిన అపరాధమును భగవంతుడు క్షమించును. సాటి మనుష్యునియెడ చేసిన అపరాధము మాటేమి? అన్నదమ్ములలో ఒకడు గట్టు జరిపి తమ్ముని చేనిలో నాలుగు సెంట్లు కలుపుకొనెననుకొందము. వాడు ఉగాదినాడు కొండకు వచ్చి తలనీలాలు సమర్పించి, పుష్కరిణిలో మునిగి, కన్నీటితో స్వామిని సేవించును. ఆ కన్నీరు బూటకమని అనుటకు ఎవరికిని అధికారము లేదు. కాని గట్టు జరిపినచోటనే యున్నది. వానికి నూతనసంవత్సరము వచ్చినదా?

ఈ ప్రశ్నకు శ్రీమద్భాగవతము నవమస్కంధమున ఉత్తరమిచ్చుచున్నది. అంబరీషుడు సంవత్సరకాలము ద్వాదశీవ్రతము సలిపి, కార్తికమున యమునాతీరమందలి మధువనమున వ్రతాంతము చేసెను. అతిథిగా వచ్చిన దుర్వాసుడు స్నానమునకేగి ఆలస్యము చేసెను. ద్వాదశి దాటిపోవుచుండగా రాజు పెద్దల ననుమతి గోరి జలము మాత్రము పుచ్చుకొనెను. ముని ఆగ్రహించి జటను పెరికి కృత్యను సృజించెను. సుదర్శనము కృత్యను దహించి మునిని తరిమెను. బ్రహ్మలోకము, కైలాసము తిరిగి, తుదకు వైకుంఠమున నారాయణుని పాదములపై బడెను. అక్కడ జరిగినదే విశేషము. శరణాగతవత్సలుడైన స్వామి "నేను భక్తపరాధీనుడను, నీవు ఆ రాజు నొద్దకే పొమ్ము" అను భావముతో పలికి పంపివైచెను! క్షమించు శక్తి లేక కాదు. గాయపడినవాడు భూలోకమున నుండగా, వానిని దాటించి వైకుంఠమున లెక్క తేల్చుట స్వామికి సమ్మతము కాలేదు.

ముని తిరిగివచ్చునప్పటికి ఒక సంవత్సరము గడచిపోయినది. ఆ సంవత్సరమంతయు అంబరీషుడు నీటితోనే ప్రాణము నిలుపుకొని అతిథికై ఎదురుచూచుచుండెను. ఈ కథ కార్తికమునకు చెందినది, వసంతమునకు కాదు. కాని సంవత్సరము మారుట యనగా ఏమో దీనికన్న స్పష్టముగా చెప్పిన కథ మరియొకటి లేదు. పరుగెత్తుచున్న ముని తలమీదుగా ఆరు ఋతువులును గడచినవి. వానిలో వసంతమును ఉన్నది. కోకిలలు కూసియే యుండును, అడవులు పూచియే యుండును. చక్రము మాత్రము వెన్నంటియే యున్నది. ఆయన తిరిగివచ్చి రాజు పాదములు పట్టుకొనిన క్షణమున అది ఆగినది. మహాముని తన పాదములు తాకినందుకు రాజు సిగ్గుపడి సుదర్శనమును స్తుతించి శాంతింపజేసెను. అటుపిమ్మట అతిథికి భోజనము పెట్టి, ఆ తరువాత తాను భుజించెను.

అపరాధము చేసినవాడు ఒక సంవత్సరము పరుగెత్తినాడు. పడినవాడు ఒక సంవత్సరము పస్తున్నాడు. ఇద్దరి సంవత్సరమును నిలిచిపోయినది. చేను కలుపుకొన్న అన్నకు మాత్రమే కాదు, వాకిలిలో తోరణము కట్టి మనసున కుములుచున్న తమ్మునికి కూడ ఉగాది వచ్చి యుండదు. స్వామి ఆ అన్న కన్నీటిని త్రోసివేయడు. దుర్వాసునకు చెప్పినట్లే త్రోవ చూపును. ఆ త్రోవ తమ్ముని ముంగిటికి పోవును. పడినవాడు కాలము చేసియున్నచో నేమగునని అడుగవచ్చును. వాని బిడ్డ లుందురు, వాని చేను ఉండును. గట్టును మరల జరుపుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

తిరుమల ఆలయమున ఉగాదికి ముందు మంగళవారమునాడు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. మూలవిరాట్టును వస్త్రముతో కప్పి, గర్భాలయమునుండి ఉపాలయములవరకు గోడలను, పైకప్పును, పూజాసామగ్రిని నీటితో కడుగుదురు. కస్తూరిపసుపు, పచ్చాకు, గడ్డకర్పూరము, గంధము, కిచ్చిలిగడ్డ మొదలగువానితో చేసిన పరిమళద్రవ్యమును గోడలకు పూయుదురు. పండుగ పిదప శుభ్రము చేయుదమని వాయిదా వేయుట లేదు. ఆస్థానమునకు ముందే కడుగుదురు. గోడలు పాతవే.

పాతచోటికే తిరిగివచ్చుట అవమానమని తలచువారును కలరు. ఊరు విడచి, పని విడచి, తన్నెరుగనివారి మధ్య జీవితము మొదలిడిననే క్రొత్తదనమని వారి భావము. విప్రనారాయణుని చరిత్ర అట్టిది కాదు. శ్రీరంగమున తోట పెంచి రంగనాథునకు తులసిమాలలు కట్టిన ఆ భాగవతుడు దేవదేవి మోహమున పడి తోటను మరచెను. బంగారుపాత్ర దొంగయను నిందకు గురియై, స్వామి కృపచే బయటపడెను. ఆయనను దొంగగా చూచిన కన్నులన్నియు శ్రీరంగముననే యున్నవి. ఆయన దేశాంతరము పోలేదు. భాగవతుల పాదధూళియను పేరు ధరించి, తొండరడిప్పొడి ఆళ్వారై, ఆ ఊరనే, ఆ స్వామికే మరల మాలలు కట్టెను. నేటికిని ఆలయములలో ఆయన మూర్తి పూలబుట్ట తగిలించుకొనియే దర్శనమిచ్చును.