తాలీమ్ ఉంది, తర్బియత్ ఏది?



షాబాన్ నెల వచ్చిందంటే మన మద్రసాలలో సాలానా జల్సాలు జరుగుతాయి. చిన్నారులు తెల్లటి టోపీలు పెట్టుకుని వేదికెక్కి ఖిరాత్ చేస్తారు. ఎవరు ఎన్ని పారాలు కంఠస్థం చేశారో చెప్పి బహుమతులు పంచుతారు. ఇది సంతోషించవలసిన విషయమే. అల్లాహ్ గ్రంథాన్ని గుండెలో నిలుపుకున్న పిల్లవాణ్ణి గౌరవించకపోతే ఇంకెవరిని గౌరవిస్తాం? కాని ఏడాది పొడవునా నిజమే పలికిన పిల్లవాడికి, తోటి విద్యార్థి పోగొట్టుకున్న డబ్బు దొరికితే తెచ్చి ఇచ్చినవాడికి ఆ వేదిక మీద బహుమతి ఇచ్చిన జల్సాను మేమైతే ఇంతవరకు చూడలేదు. తాలీమ్‌కు లెక్క ఉంది, తర్బియత్‌కు లెక్క లేదు. మనకు మంచి నాయకులు లేరని బాధపడుతుంటాం. నాయకుడు తయారయ్యేది ఈ లెక్కలేని చోటనే.

హిజ్రీ మొదటి శతాబ్దపు మదీనాను చూడండి. ఈజిప్టు గవర్నరు అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ తన కుమారుడు ఉమర్‌ను చదువు కోసం మదీనా పంపి, సాలిహ్ బిన్ కైసాన్ (రహ్మ) అనే విద్వాంసునికి అప్పగించారు. ఒకరోజు ఆ బాలుడు జమాఅత్ నమాజుకు ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని ఉస్తాద్ అడిగితే, తల దువ్వించుకోవడంలో ఆలస్యమైందన్నాడు. నమాజు కంటే జుట్టు మీద మోజు ఎక్కువైందా అని ఉస్తాద్ మందలించి, విషయం తండ్రికి ఉత్తరం రాశారు. తండ్రి ఏం చేశారు? ఈజిప్టు నుంచి ఒక మనిషిని పంపారు. ఆ వచ్చినవాడు పిల్లవాడితో ఒక్క మాటైనా మాట్లాడక ముందే తల గొరిగించాడు.

ఇందులో మనం చూడవలసింది గొరిగిన తలను కాదు. ఒక ఉస్తాద్ గవర్నరు కొడుకును నిలదీయగలిగారు. ఆ గవర్నరు ఉస్తాద్ పక్షాన నిలబడ్డారు. మరి మన దగ్గరో? మస్జిద్ కమిటీ సదర్ గారి అబ్బాయి ఫజ్ర్‌కు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే ధైర్యం ఎంతమంది మౌల్వీ సాబ్‌లకు ఉంది? అడిగితే వచ్చే నెల ఆయన ఆ ఊళ్ళో ఉంటారో లేదో అల్లాహ్‌కే ఎరుక.

ఆ బాలుడే తర్వాత హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) గా పేరు పొందారు. మదీనాలో ఆయనకు మరో గురువు ఉండేవారు. మదీనా ఏడుగురు ఫుఖహాలలో ఒకరైన ఉబైదుల్లాహ్ బిన్ అబ్దుల్లాహ్ (రహ్మ). ఉమయ్యా వంశీకుల ఇళ్ళలో ఆ రోజుల్లో హజ్రత్ అలీ (ర) ను తక్కువ చేసి మాట్లాడటం అలవాటుగా ఉండేది. యువకుడైన ఉమర్ నోట కూడా ఆ మాటలే వచ్చాయని గురువుకు తెలిసింది. ఆయన కేకలు వేయలేదు, కొట్టలేదు. శిష్యుడు వస్తే ముఖం తిప్పుకున్నారు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగారు: బద్ర్ యోధుల పట్ల ప్రసన్నుడైన అల్లాహ్ ఆ తర్వాత వారిపై ఆగ్రహించాడని నీకెప్పుడు తెలిసింది? శిష్యుడు సిగ్గుపడి క్షమాపణ కోరాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

హిజ్రీ 99లో, అంటే క్రీ.శ. 717లో, ఆయన ఖలీఫా అయ్యారు. మింబర్ల మీద హజ్రత్ అలీ (ర) ను దూషించే ఆచారాన్ని ఆపించారు. దాని స్థానంలో నహ్ల్ సూరా 90వ ఆయత్ పఠించమని ఆదేశించారు. న్యాయం, ఉపకారం, బంధువుల హక్కుల గురించిన ఆ ఆయత్‌నే ఇమాం సాబ్‌లు నేటికీ శుక్రవారం ఖుత్బా చివర పఠిస్తారు. ఒక గురువు ఒక శిష్యుణ్ణి దిద్దిన ఫలితాన్ని మనం ప్రతి జుమాలో వింటున్నామన్నమాట!

ఇక బెత్తం సంగతి. బెత్తం లేనిదే హిఫ్జ్ పూర్తికాదని మనలో చాలామందికి గట్టి నమ్మకం. హజ్రత్ అనస్ (ర) పసితనం నుంచి పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన విసుక్కోలేదని అనస్ (ర) స్వయంగా చెప్పుకున్నారు. 1377లో ముఖద్దిమా రాసిన ఇబ్నె ఖల్దూన్ ఈ విషయం మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించారు. దెబ్బల మధ్య పెరిగిన పిల్లవాడిలో ఉత్సాహం చచ్చిపోతుందని, దెబ్బ తప్పించుకోవడానికి అబద్ధం నేర్చుకుంటాడని, చివరికి ఆ మోసమే వాడి స్వభావమైపోతుందని ఆయన హెచ్చరించారు. అలా పెరిగిన పిల్లవాడు సబఖ్ తప్పు లేకుండా అప్పజెప్పవచ్చు. ఆమూఖ్తా చదివావా అని అడిగితే చదవకుండానే చదివానంటాడు. ఖుర్ఆన్ ముందు కూర్చోబెట్టి మనమే వాడికి అబద్ధం నేర్పాం. ఇంతకంటే నష్టం ఇంకేముంటుంది?

ఇస్లాహ్ అనగానే మనవారికి నిసాబ్ గుర్తొస్తుంది. 1748లో కన్నుమూసిన ఫిరంగీ మహల్ ముల్లా నిజాముద్దీన్ (రహ్మ) పేరు మీద దర్సె నిజామీ వచ్చింది. 1890లలో నద్వతుల్ ఉలమా పెద్దలు దానిలో మార్పులు కావాలన్నారు. ఆ చర్చ నేటికీ సాగుతూనే ఉంది. లెక్కలు, ఇంగ్లీషు, కంప్యూటర్ తప్పక నేర్పాలి. తెలుగైతే మరీ ముఖ్యం. తెలుగు రాని మౌల్వీ సాబ్ మన పల్లెల్లో ఎవరికి అర్థమయ్యేలా దీన్ చెబుతారు? అయితే పుస్తకాలు మారినంత మాత్రాన ఉస్తాద్ చేతిలో బెత్తం మాయం కాదు, పిల్లవాడి నోట నిజం రాదు.

దైవప్రవక్త (స) యువకులకు బాధ్యతలు అప్పగించి వారిని తీర్చిదిద్దారు. పెద్ద పెద్ద సహాబీలున్న సైన్యానికి ఇరవై ఏళ్ళైనా నిండని ఉసామా బిన్ జైద్ (ర) ను నాయకుణ్ణి చేశారు. తనకు ఎంతో ఇష్టుడైన అబూజర్ (ర) పదవి అడిగినప్పుడు మాత్రం, ఇది అమానత్ అని, మోయడం నీ వల్ల కాదని సున్నితంగా చెప్పారు. అంటే వయసు, దగ్గరితనం కొలమానాలు కావు. మన మద్రసాలలో పెద్ద విద్యార్థులకు అప్పగించే పని ఏమిటి? అతిథులు వస్తే చాయ్ అందించడం! వంటింటి ఖర్చుల లెక్క వారి చేతికివ్వండి, చిన్నపిల్లలకు ఖాయిదా నేర్పనివ్వండి. లెక్కలో పది రూపాయలు తేడా వస్తే కూర్చోబెట్టి అడగండి. అమ్మాయిల మద్రసాలలోనూ ఇదే పద్ధతి పాటించండి.

అమ్మలారా! మీతో కూడా ఒక మాట. ఒక తల్లి తన బిడ్డను "ఇటు రా, ఒకటిస్తా" అని పిలిచింది. దైవప్రవక్త (స) అక్కడే ఉన్నారు. ఏమివ్వదలిచావని అడిగారు. ఖర్జూరం అందామె. ఏమీ ఇవ్వకపోతే నీ పేరిట ఒక అబద్ధం రాయబడేదన్నారు. అన్నం తినిపించడానికి మనం రోజూ పిల్లలకు చెప్పే మాటలు ఎన్నో లెక్కేసుకోండి.

ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఇంచుమించు పాతికేళ్ళ వయసులో మదీనా గవర్నరుగా వచ్చారు. రాగానే పదిమంది ఫుఖహాలను పిలిపించారు. వారిలో తనను దిద్దిన ఆ ఉబైదుల్లాహ్ (రహ్మ) కూడా ఉన్నారు. మీ సలహా లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోనని, అధికారులెవరైనా అన్యాయం చేస్తే నాకు చెప్పకుండా ఉండవద్దని కోరారు. మన కమిటీలు కూడా ఇషా తర్వాత కూర్చుంటాయి. రంగులు, ఫ్యాన్లు, తివాచీల గురించి గంటలకొద్దీ మాట్లాడతాయి. ఈసారి కూర్చున్నప్పుడు మౌల్వీ సాబ్‌ను కూడా పిలిచి కుర్చీ వేయండి. ఆయన జీతం ఎన్ని నెలలు బాకీ ఉందో ముందు అది తేల్చండి. తర్వాత మన పిల్లల గురించి, మన గురించి ఆయన్ను నిర్భయంగా చెప్పమనండి.