తప్పటడుగుకు చోటు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి పల్లెల్లో ఒకే ప్రశ్న ఇల్లిల్లూ తిరుగుతుంది. "ఏమప్పా, ముందుకేం సదువుతావు?" అడిగేవాళ్లంతా మంచివాళ్లే. పిల్లవాడు మాత్రం నేల చూపులు చూస్తాడు. "పీయూసీ" అంటాడు, లేకపోతే "పోలీసు" అంటాడు, ఏదీ తోచకపోతే "సూస్తాంలేన్నా" అని పక్కకు తప్పుకుంటాడు. మనం దాన్ని బిడియమనుకుంటాం, లేదా లక్ష్యం లేదని నిట్టూరుస్తాం. నాకైతే ఆ తడబాటులోనే నిజాయితీ కనిపిస్తుంది. ఏం కావాలో చెప్పమని వాణ్ని నిలదీస్తున్నాం. లోకంలో ఏమేం ఉన్నాయో అంతకుముందు ఎవరైనా వాడికి చూపించారా?

కర్ణాటకలోని పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లి లాంటి ఊళ్లో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. పటం మీద పావగడది విచిత్రమైన ఉనికి. తుమకూరు జిల్లాలో ఉంది, కానీ ఆ జిల్లా నేలతో కలిసి లేదు. చిత్రదుర్గం వైపు తప్పిస్తే చుట్టూరా ఆంధ్రమే. జిల్లా కేంద్రానికి పోయే బస్సు మడకశిర సీమలో ఆంధ్రలోకి దిగి, మళ్లీ కర్ణాటకలోకి ఎక్కాలి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీకి పోతే ఇంగ్లీషు. పదహారేళ్లకే రెండు భాషలు నోట్లో ఆడుతూ మూడోదాంతో కుస్తీ పడుతున్న పిల్లవాడికి పట్నంలో దొరికే మొదటి బిరుదు "భాష రాదు". దీనికి నవ్వాలో ఏడవాలో నాకింకా తేలలేదు.

దారి చూపడం అనే పనికి ఒక శాస్త్రం ఉంది. అమెరికాలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన 1908లో బోస్టన్ నగరంలో యువకుల కోసం ఒక కార్యాలయం తెరిచాడు. అదే ఏడు చనిపోయాడు. ఆయన పుస్తకం 1909లో వెలువడింది. నిన్ను నువ్వు తెలుసుకో, లోకంలోని పనులను తెలుసుకో, రెండింటినీ బుద్ధితో జత చెయ్యి అన్నది ఆయన పద్ధతి. నూరేళ్లు దాటినా మన కెరీర్ గైడెన్సు శిబిరాలు ఇంచుమించు దీన్నే నడుపుతున్నాయి. ఓ ఆదివారం ఎవరో వచ్చి గోడ మీద తెర కట్టి యాభై కోర్సుల పేర్లు చూపిస్తారు. పిల్లలు రాసుకుంటారు. మంచి పనే. అయితే ఈ పద్ధతి ఒకదాన్ని ముందే ఉన్నట్టు అనుకుంటుంది. పిల్లవాడి లోపల ఒక ఇష్టం సిద్ధంగా ఉంటుందని, దాన్ని బయటికి తీస్తే చాలని.

అది నిజమేనా? అందని ద్రాక్ష పుల్లన అని మనకు సామెత ఉంది. యాన్ ఎల్‌స్టర్ అనే నార్వే తత్వవేత్త 1983లో ఆ ద్రాక్షల పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. మనిషి తనకు అందే వాటి మేరకే కోరికలను కుదించుకుంటాడని, ఆ కుదింపు తనకే తెలియదని ఆయన వాదన. కాబట్టి "నాకు ఇంజనీరింగు ఇష్టం లేదు సార్" అని ఒక కూలీ బిడ్డ అంటే అది ఇష్టమా, కుదింపా? బయటినుంచి చెప్పలేం. చాలాసార్లు వాడూ చెప్పలేడు. మానవ శాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 2004లో అచ్చయిన ఒక వ్యాసంలో ఇంకో మాట చేర్చాడు. ఆశపడటం కూడా సాధనతో వచ్చే శక్తేనట. ఉన్నవాళ్లకు ఆ సాధన చేసే వీలు ఎక్కువ. వాళ్ల పిల్లలు ఒకటి ప్రయత్నిస్తారు, కుదరకపోతే ఇంకోటి పట్టుకుంటారు, అలా దారులు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో కాళ్లతో నేర్చుకుంటారు. లేనివాళ్లకు ఆ తిరుగుడు దొరకదు. పేదవాళ్లకు ఆశ తక్కువని ఆయన అనలేదు. ఆశకూ రేపటికీ నడుమ ఉండే మెట్లు వాళ్లకు తక్కువగా కనబడతాయి అన్నాడు.

పావగడ తాలూకాలో మెట్లు కనబడకపోవడం ఎలా ఉంటుందో చూడాలంటే తిరుమణి వైపు పోవాలి. ఒకప్పుడు శెనక్కాయ పండి, చాలాసార్లు ఎండిన నేల. తిరుమణి, బాలసముద్రం, వల్లూరు, క్యాతగానచర్లు, రాయచర్లు అనే ఐదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల మీద ఇప్పుడు సోలార్ ప్లేట్లు పరుచుకున్నాయి. ఈ సోలార్ పార్కు 2018 మార్చి 1న ప్రారంభమైంది. పూర్తి సామర్థ్యం 2,050 మెగావాట్లు. రైతులు భూమి అమ్మలేదు, పాతికేళ్ల పైచిలుకు గుత్తకు ఇచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్లకోసారి కొంత పెరిగే లెక్క. వానను నమ్ముకుని అప్పులపాలైన రైతుకు ఇది తక్కువ ఊరట కాదు. భూమి లేని కూలీకి మాత్రం ఆ గుత్తలో వాటా లేదు, పైగా ఉన్న పని పోయింది.

నన్ను కలవరపెట్టేది డబ్బు లెక్క కాదు. ప్రపంచంలోనే పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటి పిల్లల గడప ముందుకే వచ్చింది. ఇక వాళ్లకు కరెంటు శాస్త్రం, వాతావరణం, ఇంజనీరింగు, కాంట్రాక్టు చట్టం అన్నీ కనబడాలి కదా. వాళ్లకు ఎక్కువగా కనబడేవి మాత్రం మూడు పనులు. గేటు దగ్గర కాపలా, ప్లేట్ల కింద గడ్డి కోయడం, ప్లేట్లు తుడవడం. గీతలు గీసినవాళ్లు, లెక్కలు కట్టినవాళ్లు, ఒప్పందాలు రాసినవాళ్లు ఎక్కడో ఏసీ గదుల్లో ఉంటారు, కంటికి ఆనరు. పక్కనే ఉన్నంత మాత్రాన ఒక పని పిల్లల ఊహలోకి రాదని ఇంతకంటే గట్టి రుజువు నాకు దొరకలేదు.

వెంకటమ్మనహళ్లి పేరు ఒకసారి దేశమంతా వినబడింది, చదువు వల్ల కాదు. 2005 ఫిబ్రవరిలో అక్కడి బడిలో మకాం ఉన్న రిజర్వు పోలీసుల మీద నక్సలైట్లు రాత్రిపూట దాడి చేశారు. పలువురు పోలీసులు చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే చిక్కమగళూరు అడవుల్లో నక్సలైటు నాయకుడు సాకేత్ రాజన్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయన ఢిల్లీ దాకా వెళ్లి జర్నలిజం చదివినవాడు. ఎన్నో దారులు తెరిచి ఉన్నా ఒకదాన్ని ఎంచుకుని అడవికి వెళ్లాడు. బడిలో చనిపోయిన పోలీసులు ఎవరు? నౌకరీ దొరికిందని ఏదో పల్లెలో మిఠాయి పంచిన ఇళ్ల పిల్లలే అయ్యుంటారు. "పోలీసు" అని జవాబు చెప్పిన అదే వయసు, అదే ఆశ. ఒకడి ఎంపికను త్యాగమంటాం, ఇంకొకడిది బతుకుతెరువంటాం. ఆ లెక్క నేను తేల్చలేను. ఒకటి మాత్రం కనబడుతుంది. రెండు దారులకూ వెనక్కి మలుపు లేదు.

నాకు తోచేది ఇదే. ఒకరికి స్వేచ్ఛ ఉందా అని కొలవాలంటే వాళ్ల ముందు ఎన్ని దారులున్నాయని లెక్కపెడితే చాలదు. ఎంచుకున్నది తప్పయితే తిరిగి రాగలరా అని అడగాలి. డాక్టరు కొడుకు ఇంజనీరింగు సగంలో మానేసి సినిమా తీస్తానంటే ఇంట్లో రెండు నెలలు గొడవ, ఆ తర్వాత సర్దుబాటు. వెంకటమ్మనహళ్లి నుంచి హాస్టలుకు పోయిన పిల్లవాడు మొదటి సెమిస్టరు తప్పితే, అప్పు చేసిన తండ్రి ముఖం చూడలేక నేరుగా బెంగళూరులో సెక్యూరిటీ యూనిఫారం వేసుకుంటాడు. తెలివి ఇద్దరికీ ఒకటే ఉండొచ్చు. పొరపాటు ఖరీదు వేరు.

ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ 1945లో పారిస్‌లో ఇచ్చిన ప్రసంగంలో ఒక విద్యార్థి కథ చెప్పాడు. అన్న జర్మన్ల దాడిలో చనిపోయాడు, తల్లికి మిగిలింది తనొక్కడే. ఇంగ్లండు పోయి స్వేచ్ఛా ఫ్రెంచి సేనలో చేరాలా, తల్లి దగ్గరే ఉండిపోవాలా? సార్త్ర్ ఇచ్చిన జవాబు, నువ్వు స్వేచ్ఛాజీవివి, నువ్వే ఎంచుకో అని. సలహా కోసం ఎవరి దగ్గరికి పోవాలో ఎంచుకోవడంలోనే సగం సలహా తేలిపోతుందని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఎంత నిజం! పోలీసు మామను అడిగితే పోలీసే, శిబిరం పెట్టిన ప్రైవేటు కాలేజీని అడిగితే ఆ కాలేజీ సీటే. మొదటి జవాబు దగ్గర మాత్రం నాకు సార్త్ర్‌తో పేచీ ఉంది. "నువ్వే ఎంచుకో" అనడం గౌరవమే. కానీ ఎంచుకున్నాక పడే దెబ్బలో ఏ పాలూ పంచుకోనివాడు ఆ మాటంటే, అది బాధ్యత దులుపుకోవడానికి పెట్టిన మంచి పేరు. మనిషిని నమ్మే తత్వం అంతటితో ఆగకూడదు.

మరి దెబ్బలో పాలు పంచుకోవడమంటే ఏమిటి? పెద్ద త్యాగాలేం అక్కర్లేదు, వెనక్కి వచ్చే దారులు ముందే తెలిసి ఉంటే చాలా వరకు పని జరుగుతుంది. అలాంటి దారులు ఉన్నాయి, పల్లెలకు వాటి వార్త చేరదు. కర్ణాటకలో 2024 నుంచి పదో తరగతికీ, ఇంటర్‌తో సమానమైన రెండో పీయూసీకీ ఒకే ఏడాదిలో ఒకటికి మించి పరీక్షలు పెడుతున్నారు. ఒకదాంట్లో తప్పితే ఇంకోటి రాయొచ్చు, మేలైన మార్కులే నిలుస్తాయి. ఐటీఐ చేసినవాడు డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా పాసైనవాడు డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరొచ్చు. "ఐటీఐ అంటే ఇక అంతే" అని తలదించుకున్న ఎంతమందికి ఇది చెప్పాం? మార్కులు తక్కువ వచ్చినవాడికి ఇచ్చే ఓదార్పుగా కాదు, తొంభై శాతం వచ్చినవాడికి కూడా చెప్పాలి. జారే నేల అందరి కాళ్ల కిందా ఉంటుంది.

ఉచ్చులూ చెప్పాలి. కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీలో గ్రామీణ విద్యార్థులకు 15 శాతం, కన్నడ మాధ్యమంలో చదివినవాళ్లకు 5 శాతం సీట్లు ప్రత్యేకం. రెండింటికీ ఒకటి నుంచి పదో తరగతి దాకా చదువే లెక్క. పిల్లవాడు బాగుపడాలని తండ్రి కడుపు కట్టుకుని వాణ్ని పావగడ పురసభ పరిధిలోని ఇంగ్లీషు బడిలో వేస్తాడు. ఆ ప్రేమతోనే, ఆయనకు తెలియకుండానే, రెండు తలుపులూ మూసుకుంటాయి. పక్కనున్న హిందూపురంలో ఇంటర్ చేరితే ఇంకో తిరకాసు. ఆంధ్రలో స్థానికుడిగా లెక్కకు రావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. ఇంటి భాష రాష్ట్రంలో వాడు పరాయివాడు. విధానాలు కూడా స్థిరంగా ఉండవు. నాలుగేళ్ల డిగ్రీ వచ్చింది, 2024లో కర్ణాటక మళ్లీ మూడేళ్లకు తిరిగింది. ప్రభుత్వాలు నిర్ణయం మార్చుకుంటే దాన్ని విధాన సవరణ అంటాం, పిల్లవాడు మార్చుకుంటే చంచలుడంటాం.

తప్పడం గురించి ఈ సీమలోనే ఒక ముచ్చట ఉంది. పెనుగొండలో పెరిగిన కవి పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలోనే 'పెనుగొండ లక్ష్మి' రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే అది ఆయనకే పాఠ్యపుస్తకంగా ఎదురైంది. ఒక్క ప్రశ్నకే సమయమంతా రాసి ఆ పరీక్షలో తప్పారని కూడా చెప్పుకుంటారు. అదే నిజమైతే, ఆ ఒక్క ఫలితాన్నిబట్టి ఆయనకు ఏ శిబిరంలోనైనా ఏ దారి చూపి ఉండేవాళ్లో!

ఇంతదాకా చెప్పిందంతా ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి కుంటుతుంది. కొడుకు తప్పితే "పోనీలే, మళ్లీ రాస్తాడు" అనే ఇంట్లోనే, కూతురు తప్పితే సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఆమెకు వెనక్కి వచ్చే దారి పెళ్లిపందిట్లోకే తెరుచుకుంటుంది. మళ్లీ రాసే పరీక్షలున్నా, డీసెట్ ఉన్నా ఆమెకు ఇంట్లో ఆ వ్యవధి దొరకదు. మారదా అంటే, కొంత మారుతుందనడానికి పశ్చిమ బెంగాల్లో ఆధారం ఉంది. అక్కడ 495 గ్రామాల్లో చేసిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. వరసగా రెండు దఫాలు పంచాయతీ అధ్యక్ష పదవి మహిళలకు రిజర్వు అయిన ఊళ్లలో, కొడుకు మీద ఒకలా కూతురి మీద ఒకలా ఆశపడే తేడా తల్లిదండ్రుల్లో కొంత, కౌమారంలో ఉన్న పిల్లల్లో 32 శాతం తగ్గిందట. ఆడపిల్లలకు ఉద్యోగాలు కొత్తగా వచ్చిన ఆధారమేమీ కనబడలేదు. ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చోవడం ఏళ్ల తరబడి కంటికి కనబడిందంతే. కర్ణాటక పంచాయతీల్లోనూ సగం సీట్లు మహిళలవే, అయితే కుర్చీ వెనక భర్త నిలబడే చోట పిల్లలు చూసేది ఎవరినన్నది వేరే అనుమానం.

కాబట్టి దారి చూపేవాళ్లు కోర్సుల జాబితా విప్పకముందు ఆడపిల్ల తండ్రిని ఒకటి అడగాలనిపిస్తుంది: "మొదటి ఏడాది తప్పితే ఏం జేస్తావప్పా?" బిడ్డ వినేటట్టే అడగాలి. ఆయన విసుక్కుంటే తల్లిని అడగాలి. "తప్పదులే సార్, బాగా సదువుతాది" అని దాటేస్తే మళ్లీ అడగాలి, ఎందుకంటే మనకు కావలసింది ఆ పిల్ల తెలివి మీద సర్టిఫికెట్టు కాదు. అడ్మిషను ఫారం నింపకముందే అడగాలి. ఫీజు కట్టిన తర్వాత ఆ మాటెత్తితే ఏ ఇంట్లోనైనా శాపనార్థంలాగే వినబడుతుంది.