పనికిరానిదని చెప్పడానికి మనమెవరం?

వానాకాలంలో నేల బాగా నానినప్పుడు మన మైదానాల్లో రిక్సియా అనే అతిచిన్న మొక్క మొలుస్తుంది. వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని లివర్‌వర్టుల కోవలో చేర్చారు. దీనికి పువ్వు లేదు, కాయ లేదు, నిజమైన వేరు కూడా లేదు. వెంట్రుకల్లాంటి పోగులతో మట్టిని పట్టుకుని, రెండేసి చీలికలుగా పాకుతూ పచ్చని బిళ్ళలా నేలకు అతుక్కుని ఉంటుంది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప చేలగట్ల మీద ఇలాంటిది కనబడితే పాచి అనుకుని తొక్కుకుంటూ పోతాం. ఎండలు ముదిరితే అది ఎండి చివికిపోతుంది. కాని దాని శరీరం లోపలే తయారైన సిద్ధబీజాలు మట్టిలో మిగిలి, మళ్ళీ వానకోసం ఎదురుచూస్తాయి. మృతభూమిని వర్షంతో బ్రతికించే అల్లాహ్ శక్తిని దివ్యఖుర్‌ఆన్ పదేపదే గుర్తుచేస్తుంది. పునరుత్థానానికి సూచన మన కాళ్ళ దగ్గరే ఉందన్నమాట!

"దీనివల్ల మనకేం లాభం?" అని ఎవరైనా అడగవచ్చు. కాని ప్రతిదాని విలువనూ మన లాభంతోనే కొలవడం సబబా?

1987-88లో ఈ ప్రాంతపు పత్తి రైతుల్ని తెల్లదోమ నిలువునా ముంచింది. అప్పుల భారం మోయలేక పలువురు ఆత్మహత్య చేసుకున్నారు. మితిమీరి చల్లిన పురుగుమందులు ఆ దోమను తినే మిత్రపురుగుల్ని కూడా చంపేయడం ఆ విజృంభణకు ఒక కారణం. అవీ మన లెక్కలోకి రాని ప్రాణులే. రైతును నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. నెత్తిన అప్పున్నవాడు పంట పోతుందన్న భయంతో చేసిన పని అది. 'పనికిరానిది' అనే మన తీర్పు ఎంత బలహీనమైనదో తెలుసుకోవాలి.

అయితే ఇది కూడా లాభనష్టాల లెక్కే. విశ్వాసి ఇంకో అడుగు ముందుకు వేయాలి. పూర్వం ఒక ప్రవక్తను (అలైహి) చీమ కుట్టగా, ఆయన చీమల పుట్టనే తగులబెట్టించారు. తన పవిత్రతను కొనియాడే ఒక సమాజాన్ని నాశనం చేశావని అల్లాహ్ ఆయన్ని మందలించినట్లు దైవప్రవక్త (సఅసం) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆ చీమలవల్ల మనిషికి లాభమేమిటన్న ప్రశ్నే అక్కడ రాలేదు. అవి తమ సృష్టికర్తను స్తుతించేవి. వాటి విలువకు అది చాలు.

అలాగని కలుపు తీయకూడదని, పంటను కాపాడుకోకూడదని కాదు. భూమిని అల్లాహ్ మన వినియోగానికే ఇచ్చాడు. కాని మనం యజమానులం కాము, అది మన దగ్గరున్న అమానతు. అవసరం మేరకు తీసుకోవడం వేరు, అనవసరంగా నాశనం చేయడం వేరు.

ఈ విషయం చేనుతో ఆగదు. లాభాన్నిబట్టి విలువ కట్టడం అలవాటైతే, రేపు మంచం పట్టిన తల్లిదండ్రుల మీద, మిరపకాయలు కోయలేని ముసలి కూలీ మీద కూడా అదే తీర్పు ఇస్తాం.

ఈసారి గట్టుమీద ఆ పచ్చని బిళ్ళ కనబడితే మన పిల్లలకు చూపిద్దాం, సుబ్‌హానల్లాహ్ అందాం. తన సృష్టిని అమానతుగా చూసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.