ఖాళీ జాగా

1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటుని ఖాళీగా వదిలేసింది. ఎమర్జెన్సీ సెన్సారు సంగతి పాఠకుడికి ఆ తెల్లజాగానే చెప్పింది.

ఇప్పుడు ఆ ఖాళీ కూడా కనపడదు. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ప్రభుత్వం వెబ్ పేజీలని ఆపించగలదు. వచ్చిన ఫిర్యాదులూ, తీసుకున్న చర్యలూ రహస్యంగా ఉంచాలంటుంది 2009 నాటి నిబంధనల్లో 16వది. చట్టరీత్యా ఆపేశారని చెప్పడానికి వెబ్‌లో 451 అనే ఎర్రర్ కోడ్ ఉంది. అది కనిపించకుండా పేజీ ఊరికే తెరుచుకోకపోతే, నెట్ బాలేదనుకుని వదిలేస్తాం.

కొన్నిటిని ఆపాల్సిందే, ఒప్పుకుంటాను. ఊళ్ళు తగలబెట్టే పుకార్లుంటాయి. కానీ ఆపడం వేరు, ఆపిన సంగతి దాచడం వేరు. మొదటిది తప్పో ఒప్పో కోర్టులో తేల్చుకోవచ్చు. పోయిందేమిటో తెలియనివాడు దేనిమీద వాదిస్తాడు?